పోకర్ టోర్నమెంట్‌లో డీలర్ తప్పు చేస్తే: వరంగల్ ఆటగాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్, మంచిర్యాల నుంచి మొదటిసారి గోవాకు పోకర్ టోర్నమెంట్ ఆడటానికి వెళ్లేవాళ్లు అడిగే ప్రశ్నలివి. మనలో చాలామందికి పత్తాలు కొత్త కాదు. పెళ్లిళ్లలో, దసరా సెలవుల్లో పెద్దలు రమ్మీ ఆడుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్లమే. ఇంట్లో పంచడంలో తప్పొస్తే "పోనీ, మళ్లీ కలుపు" అంటే సరిపోతుంది. కేసినో టేబుల్ దగ్గర అలా నడవదు. అక్కడ ప్రతి తప్పుకూ ఒక గడువుంటుంది. ఆ గడువు దాటాక మీ వాదన ఎంత నిజమైనా పాట్ (ఆ ఆటలో అందరూ పెట్టిన పందెం మొత్తం) తిరిగి రాదు. మొహమాటంతో ఊరుకుని, గెలిచిన ఆటను చేజేతులా వదులుకున్న మనవాళ్లను చూశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేదంతా టెక్సాస్ హోల్డెమ్ గురించి. అంటే చేతిలో రెండు ముక్కలు, టేబుల్ మధ్య బోర్డు మీద అందరికీ కలిపి ఐదు. ఆ ఐదింటిలో మొదట తెరిచే మూడు ఫ్లాప్, నాలుగోది టర్న్, ఐదోది రివర్.

ఈ రూల్స్ ఎవరు పెట్టారు? అన్ని కేసినోల్లో ఒకటేనా?

పోకర్ టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్ అని ఒక సంఘం ఉంది. 2001లో మొదలైంది. క్లుప్తంగా టీడీఏ అంటారు. వాళ్ల రూల్ బుక్‌నే చాలా దేశాల్లో ఆధారంగా తీసుకుంటారు. దానిమీద ఒక్కో కేసినో తన సొంత రూల్స్ కొన్ని చేర్చుకుంటుంది. అందుకే పేరు నమోదు చేసుకునేటప్పుడే "హౌస్ రూల్స్ ఎక్కడ చూడొచ్చు?" అని అడగండి. అడిగినందుకు ఎవరూ చిన్నచూపు చూడరు.

టీడీఏ పుస్తకంలో మొట్టమొదటి రూల్ ఆటకు మేలు, అందరికీ న్యాయం అన్న మాటే. రూల్‌లోని అక్షరం పట్టుకుంటే అన్యాయం జరిగేలా ఉంటే, ఆ అక్షరాన్ని పక్కన పెట్టే అధికారం టోర్నమెంట్ డైరెక్టర్‌కు ఉంది. కాబట్టి కింద నేను చెప్పే ప్రతిదానికీ చివరి మాట ఆయనదే.

మరి వరంగల్‌లోనే ఆడుకోకూడదా?

డబ్బు పెట్టి ఆడకూడదు. తెలంగాణ గేమింగ్ చట్టం, 1974 ప్రకారం అది నేరం. 2017 సవరణతో ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటం కూడా ఆ చట్టం కిందికే వచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంట్ చేసిన చట్టంతో దేశమంతటా ఆన్‌లైన్ డబ్బు ఆటలు నిషేధంలోకి వెళ్లాయి. లాడ్జి గదిలోనో, ఊరి బయట ఫాంహౌస్‌లోనో "టోర్నమెంట్ పెడుతున్నాం, రా" అని ఎవరైనా పిలిస్తే వెళ్లకండి. అక్కడ పోలీసుల భయం ఒక్కటే కాదు, డీలర్ తప్పు చేస్తే అడగడానికి పై మనిషే ఉండడు.

గోవాలో 1976 నాటి చట్టానికి తర్వాత చేసిన సవరణల వల్ల ఐదు నక్షత్రాల హోటళ్లలో, పణజి దగ్గర మాండవి నదిలో ఉన్న ఓడల్లో కేసినోలకు అనుమతి ఉంది. 21 ఏళ్లు నిండాలి. గుర్తింపు కార్డు, పాన్ కార్డు వెంట ఉంచుకోండి. గెలుపు 10,000 రూపాయలు దాటితే 30 శాతం పన్ను ముందే పట్టుకుని ఇస్తారు.

డీలర్ తప్పు చేశాడనిపించింది. ముందు ఏం చేయాలి?

ఆట ఆపించాలి. "డీలర్, ఒక్క నిమిషం" అని పక్క సీటువాళ్లకు కూడా వినబడేలా చెప్పండి. గొంతు పెంచక్కర్లేదు. చిప్స్ (డబ్బుకు బదులు వాడే బిళ్లలు) ముట్టుకోవద్దు, ముక్కలు ముట్టుకోవద్దు, పాట్ వైపు చెయ్యి చాపొద్దు. ఏది ఎక్కడుందో అక్కడే ఉంటేనే ఏం జరిగిందో తేల్చడం కుదురుతుంది.

డీలర్ సర్దుకుంటే మంచిదే. లేదంటే "ఫ్లోర్ ప్లీజ్" అనండి. టేబుళ్ల మధ్య తిరుగుతూ తగాదాలు తీర్చే మనిషిని ఫ్లోర్ అంటారు. ఫ్లోర్ వచ్చాక ముందు డీలర్‌ను చెప్పనివ్వాలి, తర్వాత మీరు. జరిగింది జరిగినట్టు వరుసగా చెప్పండి: ఎవరు ఎంత పెట్టారు, ఎవరి వంతు, ఏ ముక్క ఎప్పుడు తెరిచారు. ఆ తీర్పు సరికాదనిపిస్తే టోర్నమెంట్ డైరెక్టర్‌ను పిలవమని మర్యాదగా అడగొచ్చు. ఆయన చెప్పాక ఇక వాదన లేదు.

ఇదంతా చేస్తే పక్కవాళ్లు విసుక్కుంటారేమో అని మనవాళ్ల టెన్షన్. విసుక్కోనివ్వండి. ఆ హ్యాండ్‌లో (ఒకసారి పంచి ఆడే ఆటలో) లేనివాళ్లు కూడా, ముక్కలు చదవడంలోనో పాట్ పంచడంలోనో తప్పు కనిపిస్తే చెప్పాలన్నది రూలే.

మిస్‌డీల్ ఎప్పుడవుతుంది?

పంచడమే చెల్లదని మళ్లీ పంచడం మిస్‌డీల్. మొదటి ముక్క వేరే సీటుకు వెళ్లినా, ముక్కలు రావాల్సిన సీటును వదిలేసినా, రాకూడని సీటుకు పంచినా మిస్‌డీలే. పేకలో తిరగబడి ఉన్న ముక్కలు రెండు బయటపడినా అంతే. డీలర్ చేతి పొరపాటుతో మొదట పంచిన రెండు ముక్కల్లో ఏ ఒక్కటి తెరుచుకున్నా, లేదా మొత్తం పంపకంలో ఏవైనా రెండు తెరుచుకున్నా కూడా అంతే.

మళ్లీ పంచేటప్పుడు బటన్ (పంచే వంతు నామమాత్రంగా ఎవరిదో చూపే బిళ్ల) కదలదు, బ్లైండ్స్ (బటన్‌కు ఎడమ పక్క ఇద్దరు ముక్కలు చూడకముందే పెట్టాల్సిన చిన్న, పెద్ద పందేలు) మారవు. ఈలోపు గడియారంలో లెవల్ (బ్లైండ్స్ పెరిగే దశ) మారిపోయినా సరే, పాత బ్లైండ్స్‌తోనే.

నా చేతిలో ఆసుల జత ఉంది, మిస్‌డీల్ అంటున్నారు. ఒప్పుకోవాల్సిందేనా?

ఆట ఎంత దూరం వెళ్లిందన్నదాని మీద ఉంటుంది. ఈ లెక్క నోటికి వచ్చేదాకా చదవండి. చర్య అంటే ఫోల్డ్ (ముక్కలు వదిలేయడం), చెక్ (పందెం పెట్టకుండా వంతు వదలడం), బెట్ (పందెం పెట్టడం), కాల్ (అవతలి పందెమంత కట్టడం), రైజ్ (దాన్ని పెంచడం). వరుసలో రెండు చర్యలు జరిగి, వాటిలో కనీసం ఒకదానితో పాట్‌లోకి చిప్స్ వెళ్తే ఇక మిస్‌డీల్ లేదు. చిప్స్ వెళ్లకపోయినా, వరుసలో ఏవైనా మూడు చర్యలు పూర్తయితే కూడా లేదు. బ్లైండ్స్ పెట్టడం చర్య కిందికి రాదు.

ఉదాహరణకు బిగ్ బ్లైండ్ తర్వాతి ఆటగాడు కాల్ చేశాడు, ఆ పక్కామె ఫోల్డ్ చేసింది. రెండు చర్యలు, ఒకదానిలో చిప్స్ ఉన్నాయి. గీత దాటినట్టే. అదే ఇద్దరూ ఫోల్డ్ చేసి ఉంటే ఇంకా దాటలేదు. మూడో మనిషి కూడా ఫోల్డ్ చేస్తే దాటింది. దాటాక తప్పు తప్పుగానే ఉండి ఆట సాగుతుంది.

అందుకే పంచగానే ముందు మీ ముక్కలు రెండే ఉన్నాయా అని చూసుకోండి. ఒకటే వచ్చినా, మూడు వచ్చినా అప్పుడే చెప్పాలి. చర్యలు జరిగిపోయాక బయటపడితే సాధారణంగా ఆ హ్యాండ్ చచ్చినట్టే లెక్క, పెట్టిన చిప్స్ పోతాయి.

పంచేటప్పుడు నా ముక్క ఒక్కటే తెరుచుకుంది. ఉంచుకోవచ్చా?

ఉంచుకోలేరు. మిస్‌డీల్ కిందికి రాకపోతే, పంచడం అయ్యాక పేక పైముక్కను మీకిస్తారు. తెరుచుకున్న ముక్కను ఫ్లాప్ ముందు తీసేసే బర్న్ కార్డుగా వాడతారు. అది ఆఠీన్ ఆసు అయినా సరే.

ఫ్లాప్‌లో నాలుగు ముక్కలు పడ్డాయి. లేదా అందరూ ఆడకముందే డీలర్ ఫ్లాప్ తెరిచాడు. అప్పుడు?

నాలుగు పడితే ఫ్లోర్‌ను పిలుస్తారు. నాలుగింటినీ బోర్లించి కలుపుతారు. ఫ్లోర్ వాటిలోంచి ఒకటి తీస్తే అది తర్వాతి బర్న్ కార్డు, మిగిలిన మూడూ ఫ్లాప్. ఏది నాలుగోదో అందరికీ కనిపించింది కదా అని వాదించి లాభం లేదు.

తొందరపడి ఫ్లాప్ తెరిస్తే, తీసిన బర్న్ కార్డు అలాగే ఉంటుంది. ఫ్లాప్ ముక్కలు పేకలో కలిపి, ఆగిన బెట్టింగ్ పూర్తయ్యాక బర్న్ లేకుండా కొత్త ఫ్లాప్ వేస్తారు. రివర్ తొందరపడినా ఇదే పద్ధతి. టర్న్ దగ్గర మాత్రం మెలిక ఉంది. ముందుగా తెరిచిన ముక్కను పక్కన పెడతారు. బెట్టింగ్ అయ్యాక ఇంకొకటి బర్న్ చేసి, మామూలుగా రివర్ కావాల్సిన ముక్కను టర్న్‌గా వేస్తారు. ఆ తర్వాత పక్కన పెట్టినదాన్ని పేకలో కలిపి, బర్న్ లేకుండా రివర్ తీస్తారు. అంటే ముందు కనిపించిన ఆ ముక్క రివర్‌గా మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు.

ఆడుతుండగానే డీలర్ నా ముక్కలు లాగేసి చెత్తలో (ఫోల్డ్ అయిన ముక్కల కుప్పలో) కలిపేశాడు. నా చిప్స్ తిరిగిస్తారా?

చాలావరకు ఇవ్వరు. ఈ ఒక్క రూల్ విని చాలామందికి కోపం వస్తుంది, కానీ అది అలా ఉండటానికి కారణముంది. కలిసిపోయిన ముక్కల్లో మీవి ఏవో నూటికి నూరుపాళ్లు తేల్చలేకపోతే, మీరు చెప్పిందే నమ్మి ఇచ్చేయడం మిగతావాళ్లకు అన్యాయం. అందుకే ముక్కలను కాపాడుకునే బాధ్యత ఎప్పుడూ ఆటగాడిదే అంటారు. మీరు బెట్టో రైజో చేసి, దాన్ని ఇంకా ఎవరూ కాల్ చేయకపోతే ఆ మొత్తం మటుకు వెనక్కి వస్తుంది. అంతకుముందు పెట్టినవి రావు. ఒకవేళ మీ ముక్కలు ఏవో స్పష్టంగా గుర్తించగలిగితే ఆట కొనసాగుతుంది.

డీలర్‌కు అటూ ఇటూ ఉండే సీట్లలో, అంటే 1వ సీటులో, చివరి సీటులో ఈ ప్రమాదం ఎక్కువ. డీలర్ చెయ్యి ఫోల్డ్ అయిన ముక్కలు ఊడ్చుకుంటూ వచ్చేదారిలోనే మీ ముక్కలుంటాయి. కాజీపేట కుర్రాడొకడు 1వ సీటులో కూర్చుని, ఆల్ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ పందెం) అని చెప్పి, టెన్షన్‌తో కుర్చీలో వెనక్కి వాలాడు. ముక్కల మీద ఏమీ పెట్టలేదు. అవతలివాళ్లు ఆలోచిస్తుండగా 10వ సీటువాళ్లు ఫోల్డ్ చేసిన ముక్కలతో పాటు ఇతనివీ వెళ్లిపోయాయి. ఇంకా ఎవరూ కాల్ చేయలేదు కాబట్టి ఆల్ఇన్ చిప్స్ వెనక్కి వచ్చాయి. హ్యాండ్ మాత్రం పోయింది. చేతిలో రాజుల జత ఉందని అతను ఎంత చెప్పినా ఉపయోగం లేకపోయింది.

చేయాల్సింది చిన్న పనే. ముక్కలు చూసుకోగానే వాటిమీద ఒక చిప్ గానీ, రూపాయి బిళ్ల గానీ పెట్టండి. పాట్ మీ ముందుకు వచ్చేదాకా అది తీయకండి. ఆల్ఇన్ చెప్పినప్పుడు చిప్స్ అన్నీ ముందుకు తోసినా, ముక్కల మీదున్నది కదపొద్దు.

డీలర్ 17,400 అన్నాడు, నేను కాల్ అన్నాను. తీరా చూస్తే 27,400. ఎంత కట్టాలి?

27,400. బాధగానే ఉంటుంది. కాల్ చేసేవాళ్లే అవతలి బెట్ ఎంతో చూసుకోవాలి, డీలర్ చెప్పినా పక్కవాళ్లు చెప్పినా అది సాయమే తప్ప హామీ కాదు అన్నది రూల్. రెండు 5,000 చిప్స్ చిన్న చిప్స్ వెనక దాగి ఉండటంతో డీలర్ వాటిని లెక్కలోకి తీసుకోలేదు. మీరు కాల్ అన్నది ఆ ఆటగాడి ముందున్న మొత్తానికి, డీలర్ పలికిన అంకెకు కాదు.

కాబట్టి పెద్ద కాల్ ముందు ఆగండి. "లెక్క చూపించండి" అని డీలర్‌ను అడిగితే ఆ చిప్స్‌ను రంగుల వారీగా విడదీసి పేరుస్తారు. అది పూర్తయ్యేదాకా నోటి నుంచి కాల్ అన్న మాట రానివ్వకండి. తల ఊపడం, చిప్స్ ముందుకు జరపడం కూడా వద్దు. విలువైన చిప్స్ ఎప్పుడూ అందరికీ కనిపించేలా పెట్టాలన్నది కూడా రూలే. అవతలివాళ్లు వాటిని దాచి ఉంటే ఆ మాట ఫ్లోర్‌కు చెప్పండి. అప్పుడు డైరెక్టర్ ఆ మొదటి రూల్ వాడి వేరే తీర్పు ఇవ్వొచ్చు.

ఇంకొక మాట. నో లిమిట్ (పందేనికి పైపరిమితి లేని) ఆటలో పాట్‌లో ఎంతుందో డీలర్ లెక్కపెట్టి చెప్పరు. మీరే గుర్తుపెట్టుకోవాలి.

షోడౌన్‌లో (చివర ముక్కలు తెరిచి చూపేటప్పుడు) అతను "స్ట్రెయిట్" (వరుస అంకెల్లో ఐదు ముక్కలు) అన్నాడు. నేను ముక్కలు పారేశాను. తర్వాత చూస్తే అతనికి స్ట్రెయిట్ లేదు.

నోటి మాటకు షోడౌన్‌లో విలువ లేదు. మాట్లాడేది ముక్కలే. అవతలివాళ్లు ఏం చెప్పినా, రెండు ముక్కలూ తెరిచి టేబుల్ మీద పెట్టేదాకా మీవి వదలకండి. అనుమానం ఉంటే మీ రెండూ తెరిచేయండి. తెరిచి పెట్టిన హ్యాండ్ గెలిచేదని స్పష్టంగా ఉంటే, డీలర్ పొరపాటున దాన్ని చెత్తలో కలిపినా అది చావదు. బోర్లించి విసిరేసినవాటికి ఆ రక్షణ లేదు. అవి విడిగా, గుర్తుపట్టేలా ఉన్నంతసేపు వెనక్కి తీసుకుని తెరవొచ్చు. డీలర్ వాటిని మిగతావాటిలో కలిపాక అయిపోయినట్టే.

బోర్డు మీదున్న ఐదే మీ హ్యాండ్ అయినా, పాట్‌లో వాటా కావాలంటే చేతిలోని రెండూ చూపించాలి. ఒక్క ముక్క చూపించి ఊరుకోవడం ఇక్కడ పనికిరాదు.

ఆల్ఇన్ అయి, మిగతావాళ్ల బెట్టింగ్ కూడా ముగిస్తే అందరూ వెంటనే ముక్కలు తెరవాలి.

రైజ్ చేద్దామని పెద్ద చిప్ పెట్టాను. డీలర్ కాల్ అన్నాడు. తప్పు డీలర్‌దేనా?

డీలర్‌ది కాదు. బ్లైండ్స్ 200-400 అనుకోండి. మీరేమీ అనకుండా ఒక్క 1,000 చిప్ పెడితే అది కాల్ మాత్రమే. చిప్ టేబుల్‌ను తాకకముందే "రైజ్" అనాలి. అంకె చెప్పకుండా రైజ్ అని మాత్రమే అంటే, ఆ చిప్ మొత్తం విలువకు రైజ్ చేసినట్టు. ఇక్కడైతే 1,000కి. అదే 5,000 చిప్ అయితే 5,000కి, ఆనక చిల్లర అడిగితే కుదరదు. "రైజ్, వెయ్యికి" అని ముందే అంకె చెప్పడం నేర్చుకుంటే ఈ బాధే ఉండదు.

చిప్స్ రెండు మూడు విడతలుగా తోయడం కూడా చెల్లదు. మొదటి విడతే లెక్క.

కనీస రైజ్ గురించి కూడా తగాదాలొస్తాయి. ఆ రౌండులో అంతకుముందు జరిగిన పెద్ద బెట్ లేదా రైజ్ ఎంతో, కనీసం అంత పెంచాలి. బ్లైండ్స్ 100-200 ఉండగా ఒకరు 600కి పెంచితే పెంపు 400. కాబట్టి తర్వాతి రైజ్ కనీసం 1,000కి ఉండాలి.

వరుస తప్పి ఆడితే?

ఆట సరైన మనిషి దగ్గరికి వెనక్కి వెళ్తుంది. ఆ మనిషి చెక్, కాల్ లేదా ఫోల్డ్ చేస్తే పరిస్థితి మారలేదు కాబట్టి వరుస తప్పి చేసినదే ఖాయమవుతుంది. బెట్ లేదా రైజ్ చేస్తే మాత్రం మీ చిప్స్ వెనక్కి తీసుకుని మళ్లీ ఆలోచించుకోవచ్చు. వరుస తప్పి ఫోల్డ్ చేస్తే అది ఎప్పుడూ ఖాయమే. మీ వంతు రాకముందే పక్కవాళ్లు ఆడుతుంటే వెంటనే "నా వంతు ఉంది" అనండి. చూస్తూ ఊరుకుంటే, మీ వంతు దాటిపోయి ఆట సాగిపోయాక మీ హక్కు పోతుంది.

ముగ్గురు ఆల్ఇన్ అయినప్పుడు డీలర్ పాట్ సరిగ్గానే పంచాడో లేదో ఎలా తెలుస్తుంది?

మీరే లెక్క వేసుకోండి, కష్టం కాదు. ఒకరి దగ్గర 5,000, రెండోవారి దగ్గర 12,000, మూడోవారి దగ్గర 20,000. మెయిన్ పాట్ మూడు ఐదులు 15,000. దానికి ముగ్గురూ పోటీ. రెండోవారి దగ్గర మిగిలింది 7,000, మూడోవారి నుంచి అంతే తీసుకుంటే సైడ్ పాట్ 14,000. అది ఆ ఇద్దరి మధ్యే. మూడోవారికి మిగిలిన 8,000కి పోటీయే లేదు, ముక్కలు తెరవకముందే వెనక్కి ఇచ్చేయాలి. తొందరలో డీలర్లు తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే. బ్లైండ్స్, ముందే ఫోల్డ్ చేసినవాళ్ల చిప్స్ ఉంటే అవి ఒక్కొక్కరివి 5,000 వరకు మెయిన్ పాట్‌లో కలుస్తాయి. పంచేటప్పుడు సైడ్ పాట్ ముందు, మెయిన్ పాట్ తర్వాత. ఇద్దరు సమానంగా గెలిచి, విడగొట్టలేని చిప్ ఒకటి మిగిలితే, వాళ్లలో బటన్‌కు ఎడమ వైపు నుంచి మొదట వచ్చే సీటుకు వెళ్తుంది.

ఎప్పటివరకు అడగొచ్చు?

తెరిచిన హ్యాండ్‌ను తప్పు చదివారని చెప్పడానికి తర్వాతి హ్యాండ్ మొదలయ్యేదాకా. డీలర్ పేకను మొదటిసారి కలపగానే, లేదా కలిపే యంత్రం బటన్ నొక్కగానే కొత్త హ్యాండ్ మొదలైనట్టు. పాట్ లెక్క తప్పని చెప్పడానికి ఇంకాస్త సమయం ఉంది. తర్వాతి హ్యాండ్‌లో పైన చెప్పిన ఆ రెండు లేదా మూడు చర్యల గీత దాటేవరకు. బ్రేక్ ముందు హ్యాండ్ అయితే పాట్ ఇచ్చాక 1 నిమిషమే. బ్రేక్‌లో చాయ్ తాగుతూ స్నేహితుడితో మాట్లాడుతుంటే తప్పు తట్టిందంటే ఇక చేసేదేమీ లేదు.

టేబుల్ దగ్గర తెలుగు మాట్లాడొచ్చా? ఫోన్?

హ్యాండ్ నడుస్తుండగా వద్దు. మీరు కూర గురించి మాట్లాడుకుంటున్నా ముక్కల గురించి చెప్పుకుంటున్నారని అవతలివాళ్లు అనుమానించొచ్చు, ఆ అనుమానం తప్పు పట్టలేం. ఏ భాషలు ఒప్పుకుంటారో హౌస్ రూల్స్‌లో ఉంటుంది. బెట్టింగ్ మాటలు మాత్రం కాల్, రైజ్, చెక్, ఫోల్డ్, ఆల్ఇన్ అనే చెప్పండి. "నేనున్నా", "చాల్", "ప్యాక్" లాంటి మన మాటలను డీలర్ ఎలా అర్థం చేసుకున్నా ఆ నష్టం మీదే. టేబుల్ మీద వేళ్లతో తట్టినా చెక్ కింద తీసుకుంటారు, ఆలోచిస్తూ తట్టే అలవాటుంటే మానుకోండి. ఫోన్ మాట్లాడాలంటే లేచి దూరంగా వెళ్లాలి. పంపకంలో చివరి ముక్క పడేసరికి సీటులో లేకపోతే ఆ హ్యాండ్ మీకు లేనట్టే.

వరంగల్ నుంచి నలుగురం కలిసి వెళ్తున్నాం. ఒకే టేబుల్ పడితే?

పడొచ్చు. అప్పుడు అపరిచితులతో ఆడినట్టే ఆడాలి. "మనోడే కదా" అని గెలిచే హ్యాండ్‌తో చెక్ చేసి వదిలేయడం, ఇద్దరూ మాట్లాడుకుని బెట్ పెంచకుండా ఉండటం, చిప్స్ తక్కువున్న స్నేహితుడికి కావాలని ఓడిపోవడం, ఇవన్నీ మోసం కిందికే వస్తాయి. హెచ్చరికతో మొదలై, కొన్ని రౌండ్లు బయట కూర్చోబెట్టడం, టోర్నమెంట్ నుంచే పంపేయడం దాకా వెళ్తుంది. రివర్‌లో చివరి వంతు మీదై, ఓడించే హ్యాండే లేనప్పుడు చెక్ చేస్తే డైరెక్టర్ మిమ్మల్ని అడగొచ్చు. మనూరివాళ్ల మీద ప్రేమ ఉంటే టేబుల్ బయట చూపించండి. అదే టేబుల్ దగ్గర మిగతా ఆటగాళ్లు కూడా మీలాగే డబ్బు కట్టి కూర్చున్నారు.

స్నేహితుడు హ్యాండ్‌లో ఉంటే వెనక నుంచి సలహా ఇవ్వడం కూడా కుదరదు. ఒక హ్యాండ్, ఒక ఆటగాడు.

ఎంతసేపు ఆలోచించొచ్చు?

తగినంత సమయం అయిందని ఎవరైనా క్లాక్ (సమయం లెక్కపెట్టడం) అడిగితే, ఫ్లోర్ ఒప్పుకుంటే, 25 సెకన్లు, ఆపైన 5 సెకన్ల లెక్కింపు. అప్పటికీ చెప్పకపోతే బెట్ ఎదురుగా ఉంటే హ్యాండ్ చచ్చినట్టు, లేకపోతే చెక్ చేసినట్టు.

ఆట అయిపోయాక తర్వాత ఏ ముక్క వచ్చేదో చూపించమని అడగొచ్చా?

లేదు.

తప్పు చేసిన డీలర్‌తో ఎలా మాట్లాడాలి?

గంటల తరబడి నిలకడగా పంచే పని అది. రాత్రి 2 గంటలకు వాళ్ల కళ్లూ అలసిపోతాయి. "డీలర్" అని గానీ, సర్, మేడమ్ అని గానీ పిలవండి. ముక్కలు విసరడం, తిట్టడం చేస్తే పెనాల్టీ మీకే పడుతుంది, అది న్యాయం కూడా. తప్పు సరిదిద్దమని అడగడం వేరు, మనిషిని అవమానించడం వేరు. వరంగల్ ఆటగాళ్లు వచ్చారంటే టేబుల్ బాగుంటుందని అక్కడివాళ్లు అనుకోవాలని నా కోరిక.

వెళ్లేముందు ఇంట్లో ప్రాక్టీస్ ఎలా చేయాలి?

డబ్బు లేకుండా, చింతగింజలతో. పెద్దవి 1,000, చిన్నవి 100 అనుకోండి. అందరూ వంతులవారీగా డీలర్‌గా కూర్చోండి, అప్పుడే పంచడం ఎంత కష్టమో తెలుస్తుంది. డీలర్‌గా ఉన్నవాళ్లు మధ్యమధ్య ఎవరికీ చెప్పకుండా కావాలని తప్పు చేయాలి. ఒక సీటు వదిలేయాలి, ఫ్లాప్‌లో నాలుగు వేయాలి, సైడ్ పాట్ తప్పు లెక్కించాలి, ముక్కల మీద ఏమీ పెట్టనివాళ్లవి లాగేయాలి. మిగతావాళ్లు దాన్ని గడువులోపు పట్టుకుని సరైన మాటల్లో ఫ్లోర్‌ను పిలవాలి. పట్టుకోలేకపోతే ఆ గింజలు పోయినట్టే, మళ్లీ కలపడం లేదు. మొదట తమ్ముళ్లు, మరదళ్లు నవ్వుతారు. నాలుగైదు ఆటలయ్యేసరికి అందరికంటే ముందు "ఒక్క నిమిషం" అనేది వాళ్లే.